కొత్త కర్రలు, కాలిన మోటారు

నక్సలైటు అన్నలు ఊళ్లోకి రావద్దన్నప్పటి నుంచి దామోదర్ రావు జగిత్యాలలో అద్దె ఇంట్లోనే ఉంటున్నాడు. బీర్పూర్‌లో పసుపు సేద్యమంతా భార్య దమయంతి నెత్తిన పడింది. ఆ ఉదయం ఆమె, పాలేరు సామేలు కలిసి కాలిపోయిన బావి మోటారును బస్సు మీద వేసుకొచ్చారు. జగిత్యాలలో వైండింగ్ షాపు మూసి ఉంది. కోరుట్లకు తీసుకుపోయి బాగు చేయించి రేపటికి బిగించకపోతే పసుపు ఎండిపోతుంది. ఆయనేమో కొత్త గోల్ఫ్ ఇనుప కర్రలు కొనడానికి హైదరాబాదు పోతానని జీపులో కూర్చున్నాడు.

దమయంతికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ నాయన కర్రలకేమైంది?"

"పాతగైనయి. కొత్తయి తప్పుగ కొట్టినా బంతిని సక్కగ పంపుతయట. మొన్న దోస్తువి కొట్టి చూసిన. ఎంత దూరం పోయిందనుకున్నవ్!"

"ఎన్ని కొట్టిండ్రు?"

"ఓ బుట్టెడు బంతులు."

"సక్కగ పోయినయెన్ని?"

ఆయన స్టీరింగు వైపు చూశాడు. "గదొక్కటే."

"రోజూ ఆడెటోళ్లకు కొత్తయి అక్కెరకొస్తయి. పండుగకో పబ్బానికో ఆడెటోళ్లకు పాతయే ఎక్కువ. పార పట్టనోడు కొత్త పార కొంటె మడి తడుస్తదా? దిగుండ్రి. మోటారు ఓ కొస పట్టుండ్రి."

దామోదర్ రావు దిగాడు.

"గా ఆటల లెక్కనే వంగుండ్రి దొరా," అన్నాడు సామేలు, రెండో కొస పట్టుకుని.

మోటారు జీపులోకి ఎక్కింది. దమయంతి ముందు సీట్లో కూర్చుని, "ఇగ కోరుట్లకు తోలుండ్రి," అంది. దారి పొడుగునా ఆమె కోపం చల్లారలేదు.