మబ్బును వదలడానికి వెళ్ళిన వ్యాను

అనగనగా అని నేను అనేలోగానే "ఊఁ" కొట్టేవారికి ఈ కథ. కొట్టనివారికి సగంలో నిద్ర వస్తుంది. అది కథ తప్పు కాదు.

నందిగామలో బసవయ్యగారి కూతురు పుష్పవతి రోజూ చీకటితో లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గుగిన్నె చేతిలోకి తీసుకుని, తలెత్తి "చాలు, ఇక ఆగు" అనేది. అంతవరకూ వాకిట్లో చిలకరిస్తున్న మబ్బు ఆగేది. ఆమె ఏడో ఏట, నల్లరేగడి చేలో పత్తి ఏరుతున్న రోజున వెంటపడి వచ్చిన మబ్బు అది. గేదెదూడంత ఉండేది. అప్పటినుంచీ ఆ ఇంట కళ్ళాపి చల్లే పని లేదు. ఆమె కాలేజీకి వెళితే అది బస్సు టాపు మీద కూర్చుని వెళ్ళేది. కండక్టరు "తడిసే సామానుంటే దించుకోండి" అని కేకేసి, రైట్ చెప్పేవాడు.

పెళ్ళి మాటలు మొదలయ్యాకే చిక్కు వచ్చింది. ఎనభై రెండో సంవత్సరం అది. జగ్గయ్యపేట బ్రహ్మయ్యగారి ఇంటివారు పిల్లను మెచ్చారు. అయితే వారిది మిరప సేద్యం. కోసిన కాయ కల్లంలో ఎండినన్నాళ్ళూ ఆకాశం శుభ్రంగా ఉండాలి. నాలుగు చినుకులు పడితే కాయంతా తాలు.

"అమ్మాయి బంగారమండి," అన్నారు బ్రహ్మయ్యగారు, తడిసిన కండువా పిండుకుంటూ. "ఆ పైదాన్ని మాత్రం ఎక్కడైనా వదిలించుకు రండి. ఉగాది వెళ్ళాక ముహూర్తం పెట్టుకుందాం."

అంతకుముందు రెండు సంబంధాలు ఈ కారణంగానే తప్పిపోయాయి. తండ్రి ముఖం చూసి పుష్పవతి సరేనంది.

కాశీకి వెళ్ళినవారు దోసిట్లో నీళ్ళు తీసుకుని, తమకు ఇష్టమైన కాయో పండో పేరు చెప్పి వదిలేస్తారు. ఆ తరువాత బ్రతికినన్నాళ్ళూ దాన్ని ముట్టరు. బసవయ్య తల్లి రాఘవమ్మగారు కాశీలో కాకరకాయను వదిలివచ్చింది. నిజానికి పుట్టి బుద్ధెరిగాక ఆమె దాన్ని నోట పెట్టిందే లేదు.

"మబ్బునీ అలాగే వదిలేద్దాం," అందామె. "కాశీలో మాత్రం కాదురా బసవా. గంగ పక్కన వదిలితే తాగి తాగి ఏనుగంతై మనకంటే ముందు ఇంటికి చేరుతుంది. నీళ్ళు లేనిచోట వదలాలి. ఎడారికి పద. దారిలో పులుల్ని కూడా చూడొచ్చు."

కంచికచర్ల భవానీప్రసాద్‌ది సొంత మెటాడోరు వ్యాను, తోలేదీ అతడే. కిరసనాయిలు స్టవ్వు, కందిపొడి, పండుమిరప పచ్చడి జాడీ సర్దుకుని నలుగురూ బయలుదేరారు. మబ్బు టాపు మీద కూర్చుంది.

సాత్పురా కొండల్లో ఒక అడవిదున్న రోడ్డుకు అడ్డంగా నిలబడి, మబ్బును తన దూడే అనుకుందో ఏమో, చాలాసేపు కదలలేదు. వారు అక్కడే అన్నాలు వండుకున్నారు. భవానీప్రసాద్ పచ్చడి వద్దని పెరుగన్నం కలుపుకోవడం చూసి రాఘవమ్మగారు నొచ్చుకుంది.

"ఏ ఊరబ్బాయ్ నీది?"

"కంచికచర్లేనండి మామ్మగారూ."

"అయితే పురిట్లో మార్చేసుంటారు."

"కడుపులో పుండండి. డాక్టరు కారం మాన్పించాడు."

"కారం తినని ఇంటికి పిల్లనెవరిస్తారు?"

"ఇవ్వడం లేదండి," అని అతడు ఒప్పుకున్నాడు.

ఆరావళి కొండల్లోని పులుల అడవిలో ఒక సరస్సు ఉంది. కణుజు దుప్పులు మెడలోతు నీళ్ళలో నిలబడి నాచు తింటున్నాయి. ఒడ్డున మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఎండ కాగుతున్నాయి. పులి మాత్రం కనబడలేదు.

"పులి లేదు, ఏం లేదు. ఊరికే బోర్డు పెట్టారు," అని రాఘవమ్మగారు తేల్చేసింది.

కొండలు దాటాక చెట్లు ముళ్ళయ్యాయి. తరువాత ముళ్ళు కూడా దూరమయ్యాయి. దారి పొడవునా మబ్బు అడిగినవారికీ అడగనివారికీ ఇస్తూ వచ్చింది. ఒంటె మీద ఇంత, ఎండిన జమ్మిచెట్టు మీద ఇంత చిలకరించింది. పొగలు కక్కుతున్న రేడియేటర్లోకి భవానీప్రసాద్ మూత తీసి పట్టుకోగానే ధారగా కురిసింది. మొదట దూడంత ఉన్నది మేకపిల్లంత అయింది. జైసల్మేరు దాటేసరికి దిండంత మిగిలింది.

"నాన్నా, ఇక్కడ దీనికి తాగేందుకేం లేవు," అంది పుష్పవతి.

బసవయ్య కిటికీలోంచి బయటకు చూశాడు. "అందుకేగదమ్మా వచ్చాం," అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనకే బాధ కలిగింది.

సాయంకాలానికి ఇసుకతిన్నెలు వచ్చాయి. చింకారా జింకలు వ్యాను చూసి పారిపోలేదు. మబ్బు నీడ కిందికి వచ్చి, అది చిన్నది కావడంతో, వంతులవారీగా నిలబడ్డాయి. దూరాన పొడుగు మెడ బట్టమేకపిట్ట ఒకటి పెళ్ళిపెద్దలాగా నడుస్తోంది.

"ఇక కానీయ్," అంది రాఘవమ్మగారు. "దోసిట్లో నీళ్ళు పోసుకుని, పేరు చెప్పి వదిలెయ్."

అప్పుడు తెలిసింది, నీళ్ళు లేవని. క్యాను అడుగున తడి కూడా లేదు. నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు.

మబ్బు మెల్లగా దిగివచ్చింది. పుష్పవతి ముఖం దాకా వచ్చి, ఆమె చాపిన దోసిట్లో తన దగ్గరున్న నీళ్ళు పోసింది. తనను వదిలేందుకే ఆ నీళ్ళని దానికి తెలుసు. పోయగా అది పిడికెడు దూదిలా మిగిలింది.

పుష్పవతి ఆ నీళ్ళలోకి చాలాసేపు చూసింది. తరువాత స్పష్టంగా, ఇసుకకూ జింకలకూ వినబడేట్టు అంది:

"మిరపకాయ వదిలేశాను."

నీళ్ళు ఇసుకలోకి జారిపోయాయి.

"ఓసి నీ తెలివి తెల్లారా," అంటూ రాఘవమ్మగారు కూలబడిపోయింది. "మిరపకాయ ముట్టని పిల్ల మిరప ఇంట్లో కాపురం చేస్తుందా? బ్రహ్మయ్యకేం చెప్పుకుంటామే?"

"ఎడారిలో వదిలేసే వచ్చామని చెబుదాం నాయనమ్మా. ఏం వదిలానో కూడా చెబుదాం."

బసవయ్య తల తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడనుకున్నారు. ఆయన నవ్వుతున్నాడు.

పుష్పవతి మబ్బును తడితువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుందామనుకుంది, తడితువ్వాలు ఎక్కడిది? భవానీప్రసాద్ తన పెరుగుగిన్నె తెచ్చి, పైకి తేలిన తేట వంచి, తువ్వాలు తడిపి ఇచ్చాడు. ఆ తరువాత వ్యాను తోలిన తోలుడుకు పచ్చడి జాడీ పగిలింది.

ఆరావళి సరస్సు చేరేసరికి ఎండ ఎక్కింది. తువ్వాలు విప్పగానే మబ్బు నీళ్ళ మీదికి పాకి, మూతి పెట్టి తాగసాగింది. పిడికెడున్నది దిండంత అయింది, దిండంతది దూడంత అయింది. అవతలి ఒడ్డున పొదలు కదిలి, పులి వచ్చింది. మబ్బు తాగడం ముగించేవరకూ మర్యాదగా కూర్చుని, అప్పుడు తాను వంగి తాగింది.

"ఉందిరా పులి," అని రాఘవమ్మగారు అంగీకరించింది.

తిరుగుదారిలో ఆమెకు ఒకటే దిగులు. "ఇప్పుడు ఈ పిల్లకు కారం లేని కూడు వండిపెట్టే ఇల్లు కృష్ణా జిల్లా మొత్తంలో ఏముంది?"

వ్యాను వేగం తగ్గింది.

"ఒకటుందండి మామ్మగారూ," అన్నాడు భవానీప్రసాద్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

పుష్పవతి అద్దంలోకి చూసింది. అతడి చెవులు పండుమిరపల్లా ఉన్నాయి.

"మబ్బుతో సహానా?" అని అడిగింది.

"మాకు ఊరవతల నీళ్ళు లేని మెట్టచేను ఉందండి. దాని మీద ఎవరో ఒకరు కూర్చుంటారని మా నాన్న చాలాకాలంగా ఎదురుచూస్తున్నాడు."

బ్రహ్మయ్యగారి కల్లం ఆ ఏడు నిండుగా ఎండింది, కాబట్టి ఆయనకు కోపం రాలేదు. ఉగాది తరువాత పుష్పవతికీ భవానీప్రసాద్‌కీ జరిగిన పెళ్ళికి గొడుగు పట్టుకుని మరీ వచ్చారు. ఆ మెట్టచేలో బెండ, దోస, ఆనప కాశాయి. అన్నిటినీ జీలకర్ర వేసి వండుకున్నారు.

కథలన్నీ కంచికి వెళతాయంటారు. ఇది అంతదూరం పోలేక కంచికచర్లలో దిగిపోయింది. నాకు దీన్ని మొదట చెప్పింది పుష్పవతి, మా అమ్మమ్మ. మా బట్టలు నేటికీ పక్కింటివారి దండెం మీదే ఆరతాయి.