కోటికి ఒకటి తక్కువ

నేను ఒక సంఖ్యను. తొంభైతొమ్మిది లక్షల తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది. ఇంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. నా పక్కనున్నదాన్ని మాత్రం రెండక్షరాల్లో పిలుస్తారు, కోటి అని.

ఏముంది దానిలో? ఏడు రెళ్లు, ఏడు అయిదులు. గుణిస్తే అయిపోయింది. నన్ను విప్పి చూడండి. రెండు మూళ్లు, ఒక రెండువందల ముప్ఫైతొమ్మిది, ఒక నాలుగువేల ఆరువందల నలభైతొమ్మిది. ఆ చివరి రెండూ ఇంక దేనితోనూ తెగవు. నన్ను తొమ్మిదితో భాగిస్తే ఏడు ఒకట్లు వరసగా నిలబడతాయి. ఎవరికి కావాలి? కోటి రాస్తామని మొక్కుతారు. నన్ను రాస్తామని మొక్కినవాళ్లు లేరు.

తాయారమ్మా అంతే. పెళ్లయిన మూడో ఏట రామకోటి మొదలుపెట్టింది. పేజీకి నూట ఎనిమిది గడులు, వరసకి తొమ్మిది. రోజుకి తొమ్మిది పేజీల చొప్పున ఇరవై ఎనిమిదేళ్లు రాసింది. చూపంతా నన్ను దాటి కోటి మీదే. నేను కుళ్లిపోయాను.

ఆ ఇంట్లో కుళ్లిపోయినవాడు ఇంకొకడున్నాడు. ఆమె మొగుడు గవర్రాజు.

"ఆయన్ని ఇన్ని లక్షలసార్లు తలిచేవు. నా పేరు ఒక్కసారన్నా పలికేవా?"

"బాగుందండి! మొగుణ్ణి పేరెట్టి పిలుత్తారేటండీ? ఊరు నవ్వదూ?"

"పిలవకు. ఆయన్నే పిలుచుకో. జొరమొత్తే ఆయనే కషాయం కాత్తాడు."

ఆమె నవ్వేది, రాసుకునేది.

జ్వరం వచ్చింది. కషాయం కాచింది గవర్రాజే. ఆమె మంచంలోనే కూర్చుని మిగిలినవి పూర్తిచేసి పుస్తకం మూసింది. నాలుగో రోజు పోయింది. ఆ పుస్తకాలు అతను ఏనాడూ తెరిచి చూడలేదు. అప్పుడూ చూడలేదు.

పెద్దకర్మ అయ్యాక కోవెల పూజారి వచ్చాడు. పూర్తయిన రామకోట్లను అక్కడ స్తూపంలో పెడతారు. ఒక్కటి తక్కువైనా పెట్టరు. ఆయన ఆఖరి పేజీ తీశాడు. ఏడు వరసలు అంచుదాకా నిండి ఉన్నాయి. తొమ్మిదితో తెగేదాన్ని, వరసకి ఒక్క గడి వెలితి ఉంచను. కోటి మాత్రం ఎనిమిదో వరసలో ఒంటరిగా కూర్చోవాలి. పూజారి వేలు అక్కడ ఆగింది.

"గవర్రాజుగారూ, ఇదేంటండీ? ఇక్కడ శ్రీరామ అని లేదు."

అతను కళ్లజోడు పెట్టుకున్నాడు. వణికిన అక్షరాలతో ఆ గడిలో 'గవర్రాజు' అని ఉంది.

"పాపం, జ్వరంలో తెలీక రాసేశారు. అది కొట్టేసి, పక్క గడిలో మీరొక్కటి రాసెయ్యండి. కోటి అయిపోద్ది."

"రాయను."

"మరి లెక్క చాలదండీ. స్తూపంలో పెట్టడానికి లేదు. ఇన్నేళ్ల కష్టం, ఆవిడ పుణ్యం..."

"పెట్టొద్దు." పుస్తకం లాక్కున్నాడు.

నేను గెలిచాను. ఆమె రాసిన రామనామాలు సరిగ్గా నేనే. కోటి ఆ ఇంటి గుమ్మందాకా వచ్చి వెనక్కి పోయింది.

గవర్రాజు రోజూ ఆ పేజీ తీస్తాడు. నా ఏడు వరసల మీద చూపు ఆగదు. కిందికి జారి, అక్కడే ఉండిపోతుంది. నాకిప్పుడు కోటి మీద కుళ్లు లేదు. ఒకటి మీద ఉంది.