ఊట పేరున్న సీసా

ముందు వాసన.

కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మూత తీయగానే ముక్కులోంచి గొంతులోకి దిగే గంధకం వాసన...

ఐస్‌లాండ్‌లో ఎవరికి కొత్త? స్నానాల గదిలో కుళాయి తిప్పినా అదే వాసన. కానీ ప్రయోగశాలలో ఈస్రూన్ చేతిలోని సీసాది ఒకే ఒక్క ఊట వాసన. కొండ వెనక బూడిదరంగు బురదని ఉడికిస్తూ, రాత్రీ పగలూ ఆవిరి కక్కిన మోరా వాసన.

మోరా ఇప్పుడు లేదు.

పక్కన బోరు వేశారు. గాజు పందిళ్ళలో టమాటాలు పండించడానికి వేడినీళ్ళు కావాలన్నారు. ఊట ఎండింది. టమాటాలు మాత్రం ఎర్రగా, నిగనిగలాడుతూ పండాయి.

ఈస్రూన్ టమాటా తినదు.

ఊట పోయినా ఊటలో జీవి మిగిలింది. కంటికి ఆనని ఆర్కియా, బాక్టీరియా లాంటి ఒంటికణపు జీవి. వేలు పెడితే తోలు ఊడివచ్చే వేడిలో, పళ్ళు జివ్వుమనే పులుపులో హాయిగా బతికే మొండిఘటం. ప్రతి శుక్రవారం కొత్త నీళ్ళలోకి నాలుగు చుక్కలు మార్చి దాన్ని బతికించుకుంటూ వచ్చింది ఈస్రూన్. పాత సీసా తీసి, కొత్త సీసా మీద మోరా అని రాసి... ఇరవై ఏళ్ళు దాటింది.

ఆ నీళ్ళు తెచ్చిన రోజే ఆమె కాలు పోవలసింది.

పైకి గట్టినేల. కింద ఉడికే బురద. కుడికాలు మోకాలి దాకా దిగబడింది. ఊరంతా వినపడేలా అరిచింది — సీసాని మాత్రం తలపైకి ఎత్తి పట్టుకుంది. తోడొచ్చిన, పక్క బల్ల మీద పనిచేసే ఎగ్గర్ట్ పరిగెత్తుకొచ్చి చెయ్యి చాపితే, "ముందు సీసా అందుకో" అంది.

అందుకున్నాడు. ఆమె ఆసుపత్రిలో పడి ఉన్న ఆ శీతాకాలమంతా మోరాని తనే చూసుకున్నాడు. తనది వేరే ఊట, సముద్రం ఒడ్డుది. రెండు సీసాలూ ఒకే వేడిపెట్టెలో.

ఇన్నాళ్ళకి రెంటి జీనోములూ పూర్తిగా చదివించారు.

ఈ జీవికి ఒక అలవాటుంది. తన మీద పడ్డ ప్రతి వైరస్ నుంచీ ఒక ముక్క కోసి, తన జన్యువుల్లో వరసగా దాచుకుంటుంది. మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికి. ఎక్కడి నీళ్ళకి అక్కడి శత్రువులు. ఎవరి వరస వారిది.

మోరా ఎవరెవరితో పోరాడిందో... ఆ వరస చదవాలని ఈస్రూన్ ఎంత ఎదురుచూసిందో! ఎండిపోయిన ఊట తన కష్టాలు తనే చెప్పుకుంటుందని.

పొద్దున్నే కాఫీ పెట్టుకుని రెండు జీనోములూ పక్కపక్కన పెట్టింది.

అదే ముక్క. దాని పక్కన అదే ముక్క. మళ్ళీ అదే...

కాఫీ చల్లారిపోయింది.

రెండు ఊటలు కావు. ముక్కలన్నీ అక్కడి వైరస్‌లవే. ఒకటే ఊట. సముద్రం ఒడ్డుది.

ఒక చుక్క పొరపాటున పడిందేమో అనుకుంది మొదట. ఇతర ప్రయోగశాలల్లో సీసా మూతిని దీపం మంటలో కాల్చి గాని తెరవరు. వీళ్ళు కాల్చరు. "ఎనభై డిగ్రీల యాసిడ్‌లోకి ఏ బూజు వస్తుంది? వచ్చినా ఉడికి చస్తుంది" అని నవ్వుకుంటారు. నిజమే. బయటివాళ్ళెవరూ రాలేరు. ఆ వేడికి తట్టుకునేది సాటి ఊటది ఒక్కటే.

చుక్క అయితే క్షమించేసేది.

కానీ ఫ్రీజర్‌లో దాచిన పాత నమూనాలన్నీ తీసి పరీక్షించింది. ఆ శీతాకాలం తర్వాతవే అన్నీ. అన్నీ ఎగ్గర్ట్‌వే. మోరాది ఒక్క పోగు లేదు.

సాయంత్రం ఈతకొలను దగ్గర వేడినీళ్ళ తొట్టిలో దొరికాడు. మెడ దాకా నీళ్ళు, నెత్తి మీద మంచు. ఎదురుగా ఊలు టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ.

"మోరా ఎప్పుడు చచ్చింది, ఎగ్గర్ట్?"

అతను గడ్డం దాకా నీళ్ళలోకి జారాడు.

"తుఫానుకి కరెంటు పోయింది. పెట్టె చల్లబడిపోయింది. నాది ఎలాగో తేరుకుంది. నీది... ఎన్నిసార్లు మార్చినా నీళ్ళు తేటగానే ఉండిపోయాయి, ఏమీ పెరగలేదు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నీ కాలు తీసేస్తారంటున్నారప్పుడు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? నాదే నాలుగు చుక్కలు నీ సీసాలో వేశా. ఎలాగూ ఊట ఉంది కదా, మంచు కరిగాక మెల్లగా మళ్ళీ తెద్దామనుకున్నా. ఇంతలో ఆ బోరువాళ్ళు—"

"బోరువాళ్ళు నా కళ్ళ ముందే చేశారు చేసేది."

"నీ మీద జాలేసింది, ఈస్రూన్."

"నీ జాలి తగలెయ్యా! నీ సీసాకి నా చేత ఊడిగం చేయించావు కదరా ఇన్నేళ్ళూ!"

పెద్దావిడ ముందుకు వంగింది. "ఎవరమ్మా మోరా? మీవాళ్ళా?"

ఈస్రూన్ తొట్టి అంచు మీంచి లేచింది. మంచులో కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

శుక్రవారం వచ్చింది.

పారబొయ్యవచ్చు. పాతదంతా సింకులో ఒంపేసి, మోరా మీద రాసిన వ్యాసాలన్నీ తప్పని ఒప్పుకోవచ్చు. అప్పుడు మోరా పేరు కూడా మిగలదు. లేదా... ఎప్పటిలాగే రాయవచ్చు. ఆ పేరు రాసినంత కాలం ఎక్కడో ఒక ఊట ఉన్నట్టే ఉంటుంది. అబద్ధంగా.

కుడికాలు సలిపింది. మేజోడు కిందికి జరిపింది. మోకాలి దాకా ముడతలుపడి మెరిసే తోలు. మోరా ముట్టుకున్న చోటు. ఆ ఊట నిజంగా మిగిల్చింది ఇదొక్కటే. దీన్ని ఏ సీసాలోకి మారుస్తుంది?

నాలుగు చుక్కలు కొత్త నీళ్ళలో పడ్డాయి. కలం తీసింది. సీసా మీద తెల్లకాగితం ఖాళీగా ఉంది.

సిరా ఆరిపోతోంది...

మూత ఇంకా పెట్టలేదు. గదంతా పరుచుకుంది — కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అచ్చం మోరా వాసన.