బతికున్న మనిషికి జాగారం

కాశమ్మ ఇస్త్రీ చేస్తుంటే, నోరా మేడం తను రాస్తున్న నవలలో కొత్త భాగం చదివి వినిపించింది. గల్ఫ్ దేశంలో, అల్ ఖువైర్‌లోని ఆ ఇంట్లో చేతులకు తీరిక లేకపోయినా చెవులు ఖాళీయే కదా. మేడంది ఐర్లాండ్. వాళ్ల నాయనమ్మ అక్క బ్రిజిడ్ పడుచు వయసులో ఓడెక్కి అమెరికాలో ఇళ్లపనికి పోయింది. ఆమె చాకిరీతో తమ్ముళ్లు చదువుకున్నారు. ఆమె ఎలా బతికిందో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. అందుకే మేడం ఊహించి రాస్తోంది.

అప్పట్లో ఎవరైనా అమెరికా పోతుంటే, ప్రయాణానికి ముందు రాత్రి ఊరంతా వాళ్ల ఇంట్లో చేరి, శవం దగ్గర కూర్చున్నట్టు తెల్లవార్లూ జాగారం చేసేవాళ్లట. పోయినవాళ్లు ఇక రారని వాళ్లకు తెలుసు. తల్లి తన పిల్ల పేరు పెట్టి ఏడుస్తుంటే ఆ పిల్ల పక్కనే కూర్చుని వినేదట.

"బతికుండంగానేనా మేడం?" తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగింది కాశమ్మ.

"బతికుండగానే."

కాశమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. ఊళ్లో కూతురు సంధ్య పెళ్లి కుదిరింది. మేడం సెలవిస్తానంది. వద్దన్నది మొగుడు పెంచలయ్య. "నువ్వొచ్చి ఏం చేచ్చావే? వచ్చినాక మళ్లా పోనంటే ఎట్ల? మా అన్నా వదినా కూచ్చుంటార్లే పీటల మీద" అన్నాడు ఫోన్‌లో. తల్లి చచ్చిపోయిన పిల్లకు కదా వేరే దంపతులు కూర్చుని కన్యాదానం చేసేది! ఆ సంగతి అతనికి తెలియక కాదు. అత్త నోటి తీపి మరీ ఎక్కువ. "ఆడనే సల్లంగుండు తల్లీ, నీ కష్టం మేం మర్సిపోంలే" అంది. ఎవరి పిల్లలకో జడలల్లి, ఎవరివో ఎంగిలి గిన్నెలు తోమి ఇల్లు నిలబెట్టిన చేతులు, అల్లుడి కాళ్ల మీద నీళ్లు పోయడానికి పనికిరాకుండా పోయాయి. ఏడుపు ఆగలేదు.

మేడం తన కథ వినే ఏడుస్తోందనుకుని దగ్గరికొచ్చింది. "బ్రిజిడ్ ఒక్కసారైనా ఇంటికి వెళ్లినట్టు రాస్తాను కాశమ్మా. నిజంగా వెళ్లిందో లేదో ఎవరికీ తెలీదు."

"రాయండి మేడం. ఆమె ఇంక మీరు రాస్తేనే పోగలదు." కళ్లు తుడుచుకుంది. "నాకు ఆ సెలవు కావాల."

వంటింట్లోకి పోయి పెంచలయ్యకు ఫోన్ చేసింది. అతను గొంతు పెంచాడు. అన్నకు మాటిచ్చేశాను, ఇప్పుడు పరువేం కావాలన్నాడు. ఆమె చివరిదాకా విన్నది.

"మీ వదిననే కూచ్చోనీ. నేను పందిట్లో నిలబడతా. ఈయమ్మ ఎవురని అడిగినోళ్లకు నువ్వే చెప్పు."