పట్టుకోకూడని చెయ్యి

మా ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని లాగొద్దని డయాలసిస్ మొదలైన రోజే నర్సమ్మ గట్టిగా చెప్పింది. సూదులు గుచ్చేది ఆ చేతికే. అక్కడ చెవి పెడితే లోపల రక్తం జుమ్మని మోగుతుంది. ఆ మోత ఆగితే అంతే సంగతులట. కిడ్నీలు పోయాక ఎముకలు సుద్దముక్కల్లా పెళుసైపోతాయి, పడనివ్వకండి అన్నాడు డాక్టరు. వాళ్లకేం, చెప్పి పోతారు. ఒకరు పట్టుకోవద్దంటారు, ఒకరు వదలొద్దంటారు. కాలికి తట్టుకుంటాయని ఇంట్లో చాపలన్నీ తీసేశాను.

"కోడిగుడ్డును మోసినట్టు మోస్తున్నావే నన్ను," అని ఆయన నవ్వేవారు.

ఇవాళ డయాలసిస్ అయి ఇంటికొచ్చి, గుమ్మం దాటుతూ ఆయన తూలారు. నా వైపున్నది ఎడమ చెయ్యి. పట్టుకోబోయి, నిప్పు తగిలినట్టు నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన మెల్లగా, కూర్చున్నట్టే పడిపోయారు.

ఆయన ముందు ఎడమ చేతిని చెవికి ఆనించుకుని విన్నారు. మొహం తేటపడింది.

"మోగుతోందిలే, భయపడకు. ఏదీ, లేపు నన్ను."

నేను కదల్లేదు. ఆయన కుడి పాదం పూర్తిగా పక్కకు తిరిగిపోయి ఉంది. ఆయన ఇంకా అటు చూడలేదు.