బండ దగ్గరి మాటలు

గుట్ట మీది మా ఇళ్ల నుంచి నేను పనిచేసే బేకరీకి ఒకటే దారి. అందులో ఎలుగుబంటి తిరుగుతుంది. మనిషి అలికిడి దూరం నుంచే వినబడితే తనంతట తానే తప్పుకుంటుంది, ఉన్నట్టుండి ఎదురుపడితేనే మీద పడుతుంది. అందుకే ఇక్కడ అందరూ ఆ దారిలో జంటగా, గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తారు.

మా ఆయన ఉన్నన్నాళ్లూ నాకా బాధ లేదు. ఆయన నోటికి తాళం ఉండేది కాదు. ఎలుగు సంగతి దేవుడెరుగు, పిట్టలు కూడా విసిగి లేచిపోయేవి. కాస్త ఊపిరి పీల్చుకోండని కసిరేదాన్ని. ఆయన పోయాక దారి మిగిలింది, మాట మిగల్లేదు.

ఒంటరిగా వాగుతూ పోతే పిచ్చిదంటారని సిగ్గేసి, మొదట్లో డబ్బా వాయించుకుంటూ వెళ్లాను. ఓ ఉదయం బండ వెనక నల్లగా కదిలింది. "ఇవాళ ఆలస్యమైంది, పొయ్యి నేనే వెలిగించాలి" అన్నాను, నాకు తెలియకుండానే. అది తలెత్తి విని, పొదల్లోకి వెళ్లిపోయింది.

అప్పటినుంచి రోజూ దానికి ఏదో ఒకటి చెప్పాను. పిండి పొంగలేదని, తోటికోడలు నా మంచి గిన్నె పట్టుకుపోయి ఇవ్వడం లేదని, రాత్రిళ్లు ఆయన దిండు మీద చెయ్యి వేసుకుని పడుకుంటున్నానని. మనుషులకు చెబితే ఓదార్చడం మొదలుపెడతారు, ఇక మన మాట సాగదు. అది వినేది, పోయేది.

మరిదికి నా గురించి ఒకటే బెంగ. అది తీర్చాలనే ఓసారి భోజనాల దగ్గర చెప్పాను, ఎలుగు రోజూ ఆ బండ దగ్గరే ఉంటుందని, నన్నేమీ చెయ్యదని. అతనికి ముద్ద దిగలేదు. మర్నాడే అటవీ శాఖ వాళ్లతో చెప్పి బండ పక్కన బోను పెట్టించాడు. కొద్దిరోజులకే ఎలుగు చిక్కింది. ఎక్కడో దూరపు అడవిలో వదిలేశారట.

"ఇక నిశ్చింతగా వెళ్లొచ్చు వదినా. నోరు నొప్పెట్టేలా మాట్లాడక్కర్లేదు" అన్నాడు మరిది. మంచి చేసినవాణ్ణి ఏమని తిట్టను?

మర్నాడు ఉదయం బేకరీ అమ్మాయిలిద్దరు ఫోన్లు చూసుకుంటూ, నోరు విప్పకుండా నన్ను దాటిపోయారు. నేను బండ దగ్గర ఆగాను. బోను ఈడ్చిన గీత ఇంకా ఉంది.

"గిన్నె తిరిగిచ్చేసిందిలే" అన్నాను.

పొదలు కదల్లేదు. మా ఆయన పోయిన రోజు ఇంటినిండా జనం, నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడు వచ్చింది.