పన్నెండు బొమ్మలు

స్టూడియోలో అందరూ నన్ను కత్తెరక్క అంటారు. యానిమేషన్ షాట్లలో అనవసరమైన బొమ్మలు తీసేసే పని కూడా నాదే. చెల్లెల్ని అక్కడ చేర్పించిందీ నేనే. నా నెత్తిన నేనే కుంపటి పెట్టుకున్నాను.

తర్వాతి సినిమాకి మా ఇద్దరిలో ఎవరు చీఫ్ యానిమేటరో శుక్రవారం తేలుస్తామన్నారు. నేను వరద గీశాను, ఆ వరదలో పరుగెత్తే మూడు వందల మందిని గీశాను. చెల్లెలేమో ఒక అవ్వ మనవరాలికి కప్పులో పాలు ఇవ్వడం గీసింది. డైరెక్టర్ నా వరదని ఒక్కసారి చూసి బాగుందన్నాడు. అవ్వని నాలుగుసార్లు వేయించుకుని చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ షాట్ నా బల్లమీదకి వచ్చింది. అవ్వ కప్పు పెట్టి, చెయ్యి తీసేలోపు దాని పిడిని కాస్త ఎడమకి తిప్పుతుంది. పన్నెండు బొమ్మలు, అర సెకను. ఎవడు చూస్తాడులే అని తీసేశాను. పనిలో భాగమేనని నాకు నేను చెప్పుకున్నాను కానీ, నేనే నమ్మలేదు.

శుక్రవారం డైరెక్టర్ మొహం చిట్లించాడు. "ఏమైంది దీనికి? మొన్న ఈ అవ్వని చూస్తే కడుపు నిండిపోయింది. ఇవాళ హోటల్లో సర్వర్‌లా ఉంది."

చెల్లెలు నావైపు చూసింది. "నేనే తీయించాను సార్, ఎక్కువైందేమోనని," అంది.

"సొంత షాట్‌నే చెడగొట్టుకునేదానికి సినిమా ఎలా ఇవ్వను?" అన్నాడాయన. చీఫ్ పని నాకిచ్చాడు. నన్ను కాపాడిన దాని మంచితనం చూసి కూడా కుళ్లుకున్నాను.

సాయంత్రం ఇంట్లో అమ్మ ఇద్దరికీ కాఫీ తెచ్చింది. నా కప్పు పెట్టి, చెయ్యి తీసేలోపు పిడిని ఎడమకి తిప్పింది. నాది ఎడమచేతి వాటం. చెల్లెలి కప్పు పెట్టింది పెట్టినట్టే ఉంది.

అమ్మ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగాను.

"ఎప్పటినుంచి చూస్తున్నావే?"

"చిన్నప్పటినుంచీ. నాకెప్పుడూ తిప్పలేదుగా. కుళ్లుకుంటూ చూసేదాన్ని."

"నేను ఒక్కసారి కూడా గమనించలేదు."

"నీకెందుకు కనపడుతుందక్కా? కప్పు నీ చేతికి వచ్చేసేది."

బొమ్మలు తీసింది నేనని చెప్పడానికి డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. అటు మోగుతోంది. చెల్లెలు ఇంకా నా కప్పు వంకే చూస్తోంది.